అతుకుల గొంతు

వరస ఒక మనిషి మేర కదిలింది. ఆమె కూడా కదిలింది. కదలకపోతే వెనకనున్న లాండ్రీ ఆవిడ మోచేత్తో మెల్లగా పొడుస్తుంది, పొడిచి ఏమీ అనుకోకమ్మా అన్నట్టు నవ్వుతుంది, ఆ నవ్వుకు బదులుగా ఏదో ఒకటి అనాలి, అనాలంటే నోరు తెరవాలి, తెరిస్తే కొంప మునుగుతుంది. అందుకని ఆమె మెడకు చుట్టుకున్న ఉన్ని మఫ్లరును ఇంకొంచెం పైకి లాక్కుని, గొంతు వైపు వేలు చూపించి, తల అడ్డంగా ఊపింది. ఎండ ఇంకా గోడ మీదనే ఉంది. ఇంత ఎండలో ఉన్ని మఫ్లరేమిటని ఎవరూ అడగలేదు. ఈ రోజుల్లో ఎవరు ఏది చుట్టుకున్నా, ఏది విప్పేసినా ఎవరూ అడగడం లేదు. "ఏడ్చి ఏడ్చి పోయుంటుంది గొంతు," అంది లాండ్రీ ఆవిడ, ఆమె తల మీదుగా ముందున్న ముసలాయనతో, ఆమెకు చెవులు కూడా లేనట్టు. "నాకూ నాలుగు రోజుల కింద ఇలాగే పోయింది. రెండు మిరియాలు నమిలితే వచ్చింది." ముసలాయన పోస్టుమాన్‌గా చేసి దిగిపోయినవాడు, మనవడి కోసం వచ్చాడు. "మిరియాలు దొరికే రోజులా తల్లీ ఇవి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. ఆయన కళ్లు గేటు మీదనే ఉన్నాయి.

గోడ ఆటల మైదానానిది. పోయిన నెల దాకా దాని మీద సబ్బుల ప్రకటనలూ పందేల ప్రకటనలూ ఉండేవి, ఇప్పుడు వాటి మీద తెల్ల సున్నం, సున్నం మీద ఎవరో బొగ్గుతో రాసిన మాట, ఆ మాట మీద మళ్లీ సున్నం. పైన ముళ్ల తీగ. లోపల, రైల్వే స్టేషన్‌లో పట్టుకున్న వాళ్లంతా ఉన్నారు, బయట వాళ్ల తల్లులూ అక్కలూ తాతలూ ఉన్నారు. పాత ప్రభుత్వం పూర్తిగా పోలేదు, కొత్తది పూర్తిగా రాలేదు, మధ్యలో జవాన్లు మాత్రం పూర్తిగా ఉన్నారు. వాళ్లు సాయంత్రం పూట ఒక గంటసేపు పిలుచుకోనిస్తారు. గేటు పక్కన సున్నపు గీత ఒకటి గీశారు, గీత మీద నిలబడి తమ మనిషి పేరు రెండుసార్లు పిలవాలి, లోపలినుంచి వాడు పలికితే ఉన్నట్టు, వాడికి నా అనేవాళ్లు ఉన్నట్టు. పలకనివాళ్లనీ పిలిచే దిక్కు లేనివాళ్లనీ రేపు పొద్దున్నే లారీలెక్కించి ఇంకో చోటికి తీసుకుపోతారట. ఆ ఇంకో చోటు ఎక్కడుందని ఎవరూ అడగడం లేదు, అడిగినవాళ్లకు దారి చూపిస్తారేమోనని భయం. మొదట్లో ఎవరు పిలిచినా లోపలివాళ్లు పలికేవారు. ఇప్పుడు తెలిసిన గొంతయితే తప్ప పలకడం లేదు, ఒకసారి గొంతు నమ్మి మోసపోయినవాళ్లు మరి. నిన్న ఆమె భర్త వచ్చి పిలిచి చూశాడు. ఆయన ఒక క్లినిక్‌లో కాంపౌండరు, పక్క మనిషికి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి చెప్పి ఆ గొంతు అక్కడికే సరిపోయేలా తయారైంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుకుంటూ, "ఉలుకూ లేదు, పలుకూ లేదు," అన్నాడు. "వినపడలేదేమో," అంది ఆమె. "వినపడలేదో, మరి..." అని ఆయన అక్కడితో ఆగి, చెప్పుల్ని అవసరం లేకపోయినా సరిగ్గా సర్దాడు. ఆ మరి తర్వాత ఏముందో ఆమెకు తెలుసు. తమ్ముడు లోపల లేడో, ఉండి పలకదలుచుకోలేదో.

ఉండి పలకదలుచుకోలేదంటే అందులో వింతేముంది. వాడికి సైకిళ్ల కొట్టు, కాలేజీ హాస్టలు గేటు ఎదురుగా, పంక్చర్లు వేస్తాడు, చెయిన్లు బిగిస్తాడు, హాస్టలు పిల్లలందరికీ అన్నయ్య. ఆ పిల్లలకు వాడు పదేపదే చెప్పుకునే గొప్ప ఒకటే ఒకటి, స్టేషన్‌లో మీరు వినే గొంతు మా అక్కది రా అని. వద్దురా, అలా చెప్పుకోకు, సిగ్గుగా ఉంటుందని ఆమె ఎన్నిసార్లన్నా వినలేదు. అమ్మ పోయినప్పుడు వాడు ఇంతుండేవాడు, నడుం దాకా కూడా రాడు, ఆమె చంక దిగకుండా పెరిగాడు, అక్క తప్ప గొప్ప చెప్పుకోవడానికి వాడికి మాత్రం ఇంకేముంది. హాస్టలు మూసేస్తున్నారు, ఎక్కడివాళ్లు అక్కడికి పొమ్మన్నారు, రైళ్లు లేవు. ఆ సాయంత్రం మైకు వ్యాను వచ్చి ప్రత్యేక రైలు ఉందని చెప్పింది. పిల్లలు పెట్టెలు పట్టుకుని కొట్టు దగ్గరికొచ్చి, అన్నయ్యా, నిజమేనంటావా, వెళ్లొచ్చా అని అడిగారట. వాడు చేతికంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటూ, ఆ గొంతు ఎవరిదో తెలుసు కదా, మా అక్క అబద్ధం చెప్పదు అన్నాడట. అని ఊరుకున్నా బాగుండేది, ఉన్న సైకిళ్లన్నీ బయటికి తీసి వాళ్ల పెట్టెలు కట్టి, తనూ వెంట నడిచాడట. హాస్టలు వంటమనిషి వచ్చి ఇదంతా చెబుతుంటే ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. ఒకటో ప్లాట్‌ఫారం మీద రైలు లేదు, గోడవారగా లారీలున్నాయి. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఆమె పెదవి దాటని మాట కూడా ఇంత దూరం పోయింది.

వరస కదిలింది. 

నేను చెప్పలేదు, అని ఆమె లోలోపల అనుకుంది, పొద్దుటినుంచీ ఇది ఎన్నోసారో. నేను చెప్పలేదు, మాటలు నావి, అతికినవాళ్లు వేరే. ఈ సంగతి ఎవరికైనా చెబితే అర్థమవుతుందా, అర్థమయ్యేదాకా వినే ఓపిక ఎవరికైనా ఉందా. అప్పటికి పెళ్లయి ఏడాది కాలేదు, స్టేషన్‌లో విచారణ కిటికీ దగ్గర ఉద్యోగం. పై ఆఫీసు నుంచి మనుషులొచ్చి అక్కడ పనిచేసే ఆడవాళ్లందరి చేతా ఒకే వాక్యం చదివించి ఆమెను ఎంచారు. ఎందుకు ఎంచారో రికార్డింగు మాస్టారే చెప్పాడు, "మీ గొంతులో ఏమీ లేదమ్మా, అందుకే బాగుంది." ఆ మాటను ఆమె మెచ్చుకోలు కిందే తీసుకుని ఇంటికొచ్చి ఆయనకు చెప్పింది, ఆయన కూడా మెచ్చుకోలు కిందే తీసుకుని అత్తగారికి చెప్పాడు. చిన్న గది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు, చప్పుడని ఫ్యాను ఆపేసేవారు, తలుపు వేస్తే తన రక్తం తనకే వినపడేది. అక్కడ కూర్చుని చెమటలు కారుతుండగా అంకెలు చదివింది, గంటలు చదివింది, ఊళ్ల పేర్లు చదివింది, వచ్చును, బయలుదేరును, ఆలస్యముగా, రద్దు చేయబడినది, అనుమతి లేదు, ప్రయాణికులకు మనవి. ఒక్కొక్క మాటా విడివిడిగా, మాటకూ మాటకూ మధ్య ఊపిరి బిగబట్టి. మొదట్లో ఎత్తకండి, చివర్లో దించకండి అనేవాడు మాస్టారు. మీ మాటకి తలా తోకా ఉండకూడదు, ముందు ఏది పెట్టినా అతకాలి, వెనక ఏది పెట్టినా అతకాలి. ఎత్తకుండా దించకుండా మాట్లాడటం ఎంత కష్టమో, మనిషన్నవాడు ఏదో ఒకటి అనుకోకుండా నోరు తెరవడు కదా. ఏమీ అనుకోకుండా తెరవడం ఆమె నేర్చుకుంది.

నేర్చుకుని ఆ గదిలోనే వదిలి వచ్చిందా అంటే అదీ లేదు. అత్తగారు ఒకటంటే అలాగేనండీ, ఆయన దానికి ఎదురంటే అలాగేనండీ, ఆ రెండు అలాగేలూ ఒకదాని పక్కన ఒకటి హాయిగా ఒదిగిపోయేవి, ఇంట్లో గొడవన్నది లేదు. బంగారంలాంటి కోడలంది వీధంతా. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అత్తగారు నలుగురిలో ఆమెనే చూపించేది. ఆఫీసులో సమ్మె మొదలైనప్పుడు కొందరు నల్ల రిబ్బను పెట్టుకున్నారు, వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లేటప్పుడు పెట్టుకుంది, పెట్టుకోనివాళ్ల బల్ల దగ్గరికి వెళ్లేటప్పుడు తీసి జాకెట్లో దోపుకుంది. టికెట్లమ్మే అమ్మాయి ఒకరోజు మెట్ల మీద ఆపి, "ఇంతకీ నువ్వెటు వైపు అక్కా?" అని సూటిగా అడిగింది. ఆమె "టీ తాగుదామా" అంది. ఆ అమ్మాయి ఆమె మొహంలోకి కాసేపు చూసి, వద్దులే అక్కా అని వెళ్లిపోయింది. ఆ తర్వాత వారానికి ఆ అమ్మాయి కనిపించలేదు. లోపల ఉందో, ఎక్కడుందో. తప్పించుకున్నానులే అని ఆ రోజు మెట్లెక్కుతూ ఆమె అనుకుంది, ఇప్పుడు తలుచుకుంటే, తప్పించుకుని ఎక్కడికి వెళ్లింది, ఎటూ లేని మనిషిని ఎవరైనా ఎటైనా పెట్టుకోవచ్చు. పెట్టుకున్నారు కదా. రైళ్లు ఆగిపోగానే స్టేషన్ మైకు గది జవాన్ల చేతికి వెళ్లింది, మర్నాటినుంచీ ఆమె రికార్డు మాటలు అతికి వినిపిస్తూ వ్యాన్లు తిరిగాయి. నగర ప్రయాణికులకు మనవి. సాయంత్రం ఆరు గంటల నుండి బయటకు వచ్చుట రద్దు చేయబడినది. గుంపులుగా నిలబడుటకు అనుమతి లేదు. మొదటిరోజు జనం నవ్వుకున్నారు, బయటికి రావడం రద్దయితే రేపటికి టికెట్టు డబ్బులు తిరిగిస్తారా అని. మనవమ్మ అని పేరు పెట్టారు. మనవమ్మ వచ్చింది, తలుపులేసుకోండి. మనవమ్మ వచ్చింది, పిల్లాణ్ని లోపలికి తీసుకో. తర్వాత నవ్వడం మానేశారు. ఆమె కూరలు కొనే చోట మాట్లాడటం మానేసింది, వేళ్లతో చూపించి కొనుక్కుంది. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడింది. "నీ తప్పేముంది ఇందులో, నువ్వెందుకు నక్కి నక్కి తిరుగుతావు," అన్నాడాయన, అంటూనే లేచి కిటికీ మూశాడు.

ఆ ప్రత్యేక రైలు సాయంత్రం గుర్తు రాకూడదనుకుంటే అదే గుర్తొస్తుంది. బియ్యం కడుగుతోంది. కిటికీలోంచి వినపడింది, ప్రయాణికులకు మనవి, ప్రత్యేక రైలు, ఐదు గంటలకు, ఒకటవ ప్లాట్‌ఫారం నుండి బయలుదేరును. అందులో ప్రత్యేక అన్న ఒక్క మాటకు జలుబుంది. తక్కిన వాక్యమంతా ఆరోగ్యంగా ఉండి ఆ ఒక్క మాట ముక్కుతో పలికింది, ఆ మాట రికార్డు చేసిన రోజున నిజంగానే ఆమెకు పడిశం పట్టింది, ముందురోజు తమ్ముడు పరీక్ష రాస్తుంటే బడి బయట వానలో నిలబడింది, గొడుగు ఒకటే, అది వాడికిచ్చింది. మాస్టారు తర్వాత మళ్లీ చదివిద్దాములెండి అన్నాడు, ప్రత్యేక రైళ్లు ఎప్పుడో గాని ఉండవు, ఎవరూ పట్టించుకోలేదు, అలాగే ఉండిపోయింది. బియ్యంలో చెయ్యి పెట్టి ఆ జలుబు విని ఆమె నవ్వుకుంది. నవ్వుకుని ఏం చేసింది, అనుమానపడిందా, లేదు, హమ్మయ్య, రైళ్లు మొదలయ్యాయన్నమాట అనుకుంది. తన గొంతు చెబితే తానే నమ్మింది. చెయ్యి తుడుచుకుని మెట్లు దిగి కింది వాటా ఆవిడతో కూడా చెప్పింది, రైలుందటండీ అని. ఆవిడకు పంపాల్సిన వాళ్లెవరూ లేరు గనక సరిపోయింది. ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన రాగానే ఆమె గోడ వంక చూసి మఫ్లరు పట్టుకుంది.

"ఆ మనవమ్మ గొంతు దొరకాలి గాని," అంటోంది లాండ్రీ ఆవిడ వెనకాల ఇంకెవరితోనో, "ఈ చేతుల్తో పిసికేద్దును. దుప్పట్లు పిండే చేతులివి, దానిదొక గొంతు లెక్కా." ఎవరో అన్నారు, పాపం, ఆవిడకేం తెలుసు, ఎవరు చదవమంటే అది చదివుంటుంది. "చదవమంటే చదివేస్తుందా," అంది ఆవిడ. "ఇంట్లో పిల్లలుండరా దానికి. మా వాడు ఏమన్నాడో తెలుసా వెళ్లేటప్పుడు. అమ్మా, నువ్వు భయపడకు, రైల్వేవాళ్లే చెప్పారు, పోలీసులు కాదు అన్నాడు."  తర్వాత ఆమె భుజం మీద చెయ్యి పడింది, తడిలో నాని నాని తెల్లబడిన బరువైన చెయ్యి, ఇస్త్రీ కాలిన మచ్చ, సబ్బు వాసన. "నువ్వు దిగులు పెట్టుకోకు చెల్లీ. నీవాడి పేరేదో ఈ చేతిలో రాసి చూపించు, నేను పిలుస్తాలే. నా గొంతు ఇప్పుడు బాగానే ఉంది. ఎవరి కోసం, అబ్బాయి కోసమా?" ఆమె తల అడ్డంగా ఊపింది. "తమ్ముడి కోసమా?" అవునన్నట్టు కళ్లు వాల్చింది. "తమ్ముడా," అంది ఆవిడ, ఆ మాటలో అంత జాలి, తన కొడుకు సంగతి ఒక నిమిషం పక్కన పెట్టినంత జాలి. ఆ జాలికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సీసాలో నీళ్లు ఇచ్చింది ఆవిడ, తాగమంది. తాగింది. ఎవరిచ్చిన నీళ్లు, ఎవరు తాగుతున్నారు, తెలిస్తే ఈ సీసా మొహాన కొట్టదూ.

పిలవనిస్తే పోదూ అనిపించింది. ఆవిడ అరిచేతిలో పేరు రాస్తే చాలు. కాని తెలియని గొంతుకు వాడు పలకడు. వాడు పలకాలంటే తన గొంతే కావాలి, తన గొంతు అంటే ఏది. ఆమె నోరు మూసుకునే నాలుకతో వెతుక్కుంది. వాణ్ని నిద్రపుచ్చినప్పటి గొంతు ఒకటుండేది, అది గుసగుస, గోడ దాటదు. ఆయనతో మాట్లాడేది ఒకటి, అది ఆయన మాట చివర కలిసే ఊ కొట్టడం. తను ఎప్పుడైనా అరిచిందా. గట్టిగా, ఒళ్లు మరిచి, పేరు పెట్టి ఎవరినైనా పిలిచిందా. నొప్పుల్లో కూడా అరవలేదు, నర్సు మెచ్చుకుంది, బిడ్డ దక్కలేదన్నప్పుడు కూడా అరవలేదు, అప్పుడు ఎవరూ మెచ్చుకోలేదు, అలాగేనండీ అంది. డాక్టరుకు అలాగేనండీ అంది. ఇన్నేళ్లలో గోడ దాటి, ఊరు దాటి వెళ్లిన గొంతు ఆమెకు ఒకటే ఉంది, అది వ్యాను మీద తిరుగుతోంది. దాన్ని తీసేస్తే ఇక్కడ నిలబడ్డదెవరు, చీరా, మఫ్లరూ, తడి కళ్లూ. ఆ గొంతుతో పిలిస్తే బయట ఈ ఆడవాళ్లున్నారు, వాళ్లేం చేసినా సరే, కొట్టినా సరే, దానికి ఆమె ఒప్పుకుంది, పొద్దున గడప దాటినప్పుడే ఒప్పుకుంది. లోపల ఎంతమందో ఉన్నారు. హాస్టలు పిల్లలకు తెలుసు వాడెవరి తమ్ముడో, తక్కినవాళ్లకు తెలియదు. ఆ గొంతు పిలిచి, ఆ పిలుపుకు వాడు పలికితే, అందరికీ తెలిసిపోతుంది, మనవమ్మ తమ్ముడు వీడేనని. ఆకలితో, కోపంతో ఉన్న అంతమంది మధ్య రాత్రంతా వాడుండాలి. పిలవకపోతే రేపు లారీ. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు, నుయ్యీ గొయ్యీ తన కోసమైతే దూకడానికి ఏముంది, వాణ్ని కదా తోస్తున్నది. ఎన్నడూ ఎటో ఒకటి తేల్చుకోని మనిషిని తీసుకొచ్చి తేల్చమంటే ఇదిగో ఇది తేల్చమన్నారు.

ముసలాయన గీత మీదికెళ్లాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. వీధి వీధికీ పేర్లు పిలిచిన గొంతు, వయసైపోయినా దమ్ముంది, మనవడి పేరు ఇంటిపేరుతో సహా ఉత్తరం ఇవ్వడానికి వచ్చినట్టే పిలిచాడు. మొదటి పిలుపుకే లోపల ఎక్కడో దూరంనుంచి, "తాతా," అని వినపడింది. జవాను తల ఊపాడు. రెండో పిలుపు ఆయనకు మిగిలిపోయింది, ఏం చెయ్యాలో తెలియక గోడకేసి, "మందు వేసుకుంటున్నావా?" అని అరిచాడు. నవ్వారు వరసలో. ఆయన టోపీ పెట్టుకుంటూ తిరిగొచ్చి ఆమె పక్కన ఆగి, "ఉన్నాడమ్మా," అన్నాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని నొక్కింది. మాటల్లేకుండా చేయగలిగింది అంతే.

గీత మీద సున్నం చెప్పుకు అంటింది. జవాను కుర్రవాడే, మీసాలింకా సరిగ్గా రాలేదు, గడ్డం ఎగరేశాడు కానివ్వమన్నట్టు. ఆమె గొంతును అదిమిపెట్టి, బొంగురు చేసి, మఫ్లరులోంచే తమ్ముడి పేరు పిలిచింది. ఆ పిలుపు గోడ సగం దాకా పోయి కింద పడింది. "గట్టిగా చెల్లీ," అంది వెనకనుంచి లాండ్రీ ఆవిడ, "గట్టిగా పిలువు, పోతే పోయింది గొంతు." లోపల ఎవరివో మాటలు, దగ్గులు, బకెట్టు చప్పుడు. ఎవరూ పలకలేదు. "ఒకటయింది," అన్నాడు జవాను.  చెవుల్లో తన రక్తం తనకే వినపడుతోంది. ఇక్కడితో తిరిగి వెళ్లిపోవచ్చు, ఆయనలాగే చెప్పులు విప్పుకుంటూ ఉలుకూ పలుకూ లేదని చెప్పవచ్చు, ఆయన నమ్ముతాడు, ఏమీ అడగడు. ఊపిరాడటం లేదు. మఫ్లరు విప్పితే కాస్త గాలి వస్తుందని విప్పింది, విప్పాక చేతులు ఖాళీగా ఉండి ఏం చెయ్యాలో తెలియలేదు, కళ్లు మూసుకుని పిలిచింది.

తలా తోకా లేని ఆ గొంతే వచ్చింది. మొదట్లో ఎత్తలేదు, చివర్లో దించలేదు, తమ్ముడి పేరు తిన్నగా గోడ దాటి వెళ్లిపోయింది. వెళ్లాక చప్పుడు లేదు. ఆ గొంతు వినగానే చేస్తున్న పని ఆపి తరువాతి మాట కోసం చెవి ఒగ్గడం రైళ్ల రోజులనుంచీ ఈ జనానికి అలవాటు, బయట వరస ఆగింది, లోపల బకెట్టు ఆగింది, దగ్గులు ఆగాయి. జవాను తలెత్తి స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు వంక చూశాడు, ఆ తర్వాత ఆమె నోటి వంక చూశాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

"అక్కా," అని వినపడింది లోపలినుంచి.

ఉన్నాడు. దగ్గరగానే ఉన్నాడు, గొంతు కాస్త బొంగురుపోయింది గాని వాడే, పలికాడు, పలకదలుచుకున్నాడు. ఆ సంతోషం ఒక్క ఊపిరి సేపు నిలిచింది. అంతలోనే లోపల గుసగుస లేచింది, అది పెరిగింది, ఎవడో ముక్కుతో ప్రయాణికులకు మనవి అన్నాడు, ఎవరో బూతు తిట్టారు, ఎవరో పరుగెత్తిన చప్పుడు, దేనికో ఏదో తగిలిన చప్పుడు. చంపేస్తున్నారనుకుంది. తనే చంపించింది అనుకుంది. అరుద్దామంటే ఏమని అరవాలి. అప్పుడు ఆ గోల పైనుంచి వాడి గొంతే మళ్లీ లేచింది, పక్కవాళ్లందరికీ వినపడాలని అరిచిన అరుపు అది. "అక్కా, ఆ రైలు మాట నువ్వు చెప్పావా?"

లోపల మళ్లీ సద్దు మణిగింది. వాడికి తెలుసు, ముక్కల సంగతి, గుడ్ల అట్టల గది సంగతి అన్నీ చిన్నప్పుడే చెప్పింది, తెలిసి ఎందుకడుగుతున్నాడు. ఆ పిల్లలు వినాలని అడుగుతున్నాడా, వాడికే నమ్మకం పోయి అడుగుతున్నాడా. పొద్దుటినుంచీ కూడబలుక్కున్నదంతా ఉంది, మాటలు నావి, అతికినవాళ్లు వేరే, మైకు గది వాళ్ల చేతిలో ఉంది, ఆ రోజు నాకు డ్యూటీ లేదు. అంతా నిజమే. అంతా నిజమే గాని అది చెప్పుకుంటే అక్కడ తప్పు మోయడానికి పెట్టెలు మోసినవాడు ఒక్కడే మిగులుతాడు, మా అక్క అబద్ధం చెప్పదన్న ఒక్క మాటకు. జవాను ఈల నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేదు.

"గొంతు నాదేరా," అంది ఆమె. గోడ దాటుతుందో లేదో చూసుకోలేదు. "చెప్పింది నేను కాదు." ఊపిరి సరిపోలేదు, మళ్లీ తీసుకుంది. "నేనూ నమ్మానురా. బియ్యం కడుగుతూ విని నేనూ నమ్మాను."

ఆ చివరి మాట వణికి, పగిలి, ఎక్కడికక్కడ విరిగిపోయింది. లోపలినుంచి ఏదో జవాబు వచ్చింది, ఒకరిదో పదిమందిదో, తిట్టో మరొకటో తెలియలేదు, అప్పటికి జవానుకు ఈల గుర్తొచ్చి ఊదేశాడు. "అయింది. తర్వాతెవరు?"

ఆమె వెనక్కి తిరిగింది. వరసంతా చూస్తోంది.  లాండ్రీ ఆవిడ గీత దాకా వచ్చి నిలబడి ఉంది, మొహంలో రక్తం లేదు. ఆ తడి చెయ్యి లేచింది. ఆమె కళ్లు మూసుకుంది, కొట్టనీ అనుకుంది. ఆ చెయ్యి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది, ఎముక నొప్పి పుట్టేలా పట్టుకుని మళ్లీ గోడ వైపు తిప్పింది.

"మావాణ్ని పిలువు," అంది ఆవిడ. "నిన్నా మొన్నా నేను పిలిస్తే పలకలేదు. నీ గొంతు విని కదా వెళ్లాడు. పిలువు."

"ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడిగింది ఆమె.

ఆవిడ చెప్పింది, చెబుతుంటే నోరు వంకరపోయింది. ఆమె గీత మీద నిలబడి ఆ ముద్దుపేరు పిలిచింది. ఇద్దరూ గోడకేసి చూస్తూ నిలబడ్డారు. లోపల ఎవరో ఎవరినో లేపుతున్నట్టు మాటలు వినపడ్డాయి, ఆగిపోయాయి.

"మళ్లీ పిలువు," అంది ఆవిడ, చెయ్యి వదలకుండా.